మబ్బుకి ఇంటిదారి

"ఇప్పుడు చూడవే, నా మబ్బు ఎలా వెళ్లి ఎలా వస్తుందో!" అని స్నేహితురాలితో అంటూ, పిడుగు తన రెండు చేతుల్లోని పావురాన్ని పైకి వదిలింది.

తాతయ్య మేడ మీద పెంచే పావురాల్లో అన్నిటికంటే చిన్నది మబ్బు. ఇక పిడుగు ఆయన మనవరాలు, పదేళ్లది. అసలు పేరు వేరే ఉంది కానీ, దాని అల్లరి చూశాక ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవడం లేదు.

"దానికింకా దారి తెలీదమ్మా. కొన్నాళ్లు పెద్దవాటితో కలిసి ఎగరనీ," అని తాతయ్య పొద్దున్నే చెప్పాడు. వింటేగా! మబ్బు ఒక్కటే వెళ్లి ఒక్కటే తిరిగొస్తుందని పక్కింటి స్నేహితురాలి దగ్గర కోతలు కోసేసింది మరి.

మబ్బు ఒక చుట్టు తిరిగింది. నీళ్ల ట్యాంకు దాటింది. అంతే, మళ్లీ కనబడలేదు.

పిడుగు ఈల వేసింది. గొంతు చించుకుని పిలిచింది. ఊహూఁ.

"ఇంక రాదేమోనే," అంది స్నేహితురాలు భయంగా.

"వస్తుంది! నువ్వు కాసేపు నోర్మూసుకో."

పైకి అలా అంది కానీ పిడుగు కళ్లు ట్యాంకు వైపే వెతుకుతున్నాయి. ఎండ తగ్గిపోతోంది. చీకటి పడితే మబ్బు ఎక్కడ తలదాచుకుంటుంది? ఏ డేగ కంటైనా పడితే?

తాతయ్య కింద తన సైకిల్ షాపులో పంక్చర్ వేస్తున్నాడు. పిడుగు వెళ్లి ఎదురుగా నిలబడింది. ఏడుపుతో పాటు నిజం కూడా బయటికొచ్చేసింది.

తాతయ్య ట్యూబు పక్కన పడేశాడు. "తిట్లు తర్వాత తిడతాను. ముందు పైకి పద!"

మేడ ఎక్కి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చుట్టూ చూశాడు. దూరంగా ఒక ఎత్తయిన బిల్డింగు అంచున మబ్బు ముడుచుకుని కూర్చునుంది.

"మబ్బూ! రావే తల్లీ!" అని అరిచింది పిడుగు. అది కదల్లేదు.

"పాపం, అది మన ఇంటిని పైనుంచి ఎప్పుడు చూసిందని? అక్కణ్ణుంచి చూస్తే మేడలన్నీ ఒకేలా ఉంటాయి," అన్నాడు తాతయ్య.

"మరెలా తాతయ్యా?"

"దారి తెలిసినవాటిని పంపుదాం."

గూటి తలుపు బార్లా తీశాడు. పెద్ద పావురాలన్నీ టపటపా లేచాయి. గుంపుగా తిరుగుతూ ఆ బిల్డింగు మీదుగా వెళ్లాయి. మబ్బు మెడ ఎత్తి చూసింది. అవి రెండోసారి వచ్చేసరికి గబుక్కున ఎగిరి వాటిలో కలిసిపోయింది.

అవి ఎటు తిరిగితే అటు తిరిగింది. అవి దిగితే తనూ దిగింది. అన్నిటికంటే వెనక, తడబడుతూ వచ్చి మేడ మీద వాలింది.

"హమ్మయ్య!" పిడుగుకి ప్రాణం లేచొచ్చింది. అక్కడే చతికిలబడింది.

"మరి వీటికెవరు నేర్పారు తాతయ్యా?"

"వీటికంటే ముందువి. రేపు మబ్బు కూడా తన వెనకవాటికి నేర్పుతుందిలే. సరే, ఇంక తిట్లు మొదలుపెట్టనా?"

"పెట్టు," అంది పిడుగు, కళ్లు తుడుచుకుని నవ్వుతూ.

మర్నాడు పిడుగే గూటి తలుపు మొత్తం తీసింది. అన్నీ కలిసి ఎగిరాయి. అవి తిరిగొచ్చి ఒక్కొక్కటే వాలుతుంటే స్నేహితురాలు అడిగింది.

"ఏమే, మీ మబ్బు ఎన్నోది వచ్చింది?"

"ఏమో, నేను చూళ్లేదు." పిడుగు ఆకాశం మీంచి చూపు తిప్పలేదు. "ఇంకొకటి రావాలి. ఉండు, అది కూడా దిగాక తలుపేస్తాను."