లెనాన్ గుడిసె దగ్గర పెట్రోలు డబ్బా

లెనాన్ గుడిసె ముందు పొద్దు గుంకాక ఎవరూ ఆగరు. పశువుల్ని తోలుకెళ్ళేవాళ్ళు ఆగరు, కంచె పనికి పోయేవాళ్ళు ఆగరు. నా దగ్గర కూర్చుని బీరుకో దెయ్యాన్ని చంపే వీరులు కూడా ఆగరు.

ఆ గుడిసెకి చెడ్డపేరు తలుపు వల్ల వచ్చింది. ఎప్పుడో మా తాతల నాడు, ఓ రాత్రి ఎవరో బాటసారి దాహంతో దేక్కుంటూ వచ్చి ఆ తలుపు కొట్టాడట. లోపల లెనాన్... తాగుబోతెవడో అనుకుని గడియ తీయలేదు. కొట్టీ కొట్టీ ఆ చప్పుడు ఆగిపోయింది. తెల్లారి చూస్తే గడప మీద శవం.

ఆ తర్వాత లెనాన్ బతికినన్నాళ్ళూ తలుపు మూయలేదు. చచ్చాక కూడా, ఆ గుడిసె బయట ఏ చిన్న చప్పుడైనా లోపల్నించి వాడి గొంతు పలుకుతుందంటారు.

"తెరిచే ఉంది... లోపలికి రా..."

వెళ్ళినవాళ్ళు మళ్ళీ బయటికి రాలేదంటారు.

అందుకే మా వైపు ఈనాటికీ ఎవరూ తలుపుకి గడియ పెట్టరు. ఎవరు కొట్టినా పడుకున్న చోటు నుంచే "తెరిచే ఉంది" అని కేకేస్తాం. నిద్రలో కూడా ఆ మాటే వస్తుంది.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఆ ఎడారి దారి మొదట్లో పెట్రోలు పంపూ, దాని వెనక వంటిల్లూ నలభై ఏళ్ళు నడిపాను. అంతమంది మనుషుల్ని చూశాక దెయ్యాలొక లెక్కా? అయినా రాత్రిపూట నేనూ ఆ గుడిసె వైపు పోలేదు. ఎందుకు పోలేదని మాత్రం అడక్కండి.

ఇది డెస్ కొనాటీకి జరిగింది. వాడు నాకు చెప్పాడు, నేను మీకు చెబుతున్నాను. డెస్సూ, వాళ్ళన్న ఎర్నీ ఇద్దరూ ఇప్పుడు లేరు కాబట్టే చెబుతున్నాను.

ఎర్నీ ఇసుక దిబ్బల అవతల, మా పంపుకి నూట ఎనభై కిలోమీటర్ల దూరంలో, పశువుల నీటి బోరు చూసుకుంటూ ఒంటరిగా ఉండేవాడు. మొబైళ్ళు లేని రోజులు. రోజూ పొద్దున ఏడింటికి రేడియోలో అందరి పేర్లూ పిలిచేవాళ్ళు, ఎక్కడి వాళ్ళక్కడి నుంచి "ఉన్నాను" అనేవాళ్ళు. మూడు పొద్దులు వరసగా ఎర్నీ పలకలేదు.

ఎక్కడో పైన కురిసిన వానకి మా వాగులన్నీ పొంగాయి. లారీ పోదు, జీపు పోదు. విమానం దిగే చోటు మోకాల్లోతు బురద. ఇసుక దిబ్బల వెన్ను పట్టుకుని పోతే పోవాలి... అది కూడా బైకు మీద.

డెస్ బైకు పొలంలో తిరిగే పాత బండి. ట్యాంకు నింపితే ఆ ఇసుకలో నూట యాభై కిలోమీటర్లు వస్తే గొప్ప. ఆ నూట యాభై సరిగ్గా ఎక్కడ అయిపోతుందో మ్యాపు చూడకుండానే మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ గుడిసె పేరు ఎత్తలేదు.

"డబ్బా కట్టుకుపోతా," అన్నాడు డెస్.

నా షెడ్డులోనే మొదలెట్టాడు. చచ్చిపోయిన ఫ్రిజ్‌లోంచి కమ్మీల అర పీకాడు. పాత మంచం కాళ్ళు కోసి, ఆ ఇనుముతో కింద ఊతం పెట్టి, సీటు వెనక వెల్డింగు చేశాడు. దాని మీద ఇరవై లీటర్ల చదరపు నూనె డబ్బా, పలచటి రేకుది. లారీ ట్యూబు పట్టీలుగా కోసి, డబ్బాని అటూ ఇటూ లాగి కట్టాడు. తన్ని చూశాడు. కదల్లేదు.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత మిగిలిన ట్యూబు ముక్క గుండ్రంగా కత్తిరించి, మూత కింద పెట్టి, రెండు చేతులా బిగించాడు.

"డెస్, డబ్బాకి కాస్త ఊపిరి ఆడనియ్యి. పైగా ట్యూబు రబ్బరు పెట్రోలు తాగి ఉబ్బుతుంది," అన్నాను.

"మేవిస్, నువ్వు నీ పొయ్యి మీది స్టూ చూసుకో. కింద సైలెన్సరుంది. ఒక్క చుక్క కారిందంటే నీ పెనం మీద మాంసం ముక్క నేనే అవుతా."

"ముక్క కూడా కాదు, ఉత్త కొవ్వు."

నవ్వాడు గానీ, కళ్ళలో నవ్వు లేదు. వాళ్ళ అమ్మ పోయినప్పటి నుంచీ వాణ్ణి పెంచింది ఎర్నీయే. మూతని ఇంకో చుట్టు బిగించి, పన్నెండింటికి బయల్దేరాడు. ఎండ మాడ్చేస్తోంది.

చీకటి పడేలోపు గుడిసె దాటేయాలని వాడి లెక్క. ఇసుక ఆ లెక్క వినలేదు. రెండుసార్లు పడ్డాడు, ఓసారి వెనక చక్రం పంచరయింది. దిబ్బలు ఎక్కడానికీ దిగడానికీ బండి పెట్రోలు నీళ్ళలా తాగేసింది. ట్యాంకు రిజర్వుకి వచ్చేసరికి పడమట ఎరుపు కొద్దిగా మిగిలుంది. అక్కడే ఆగి పోసుకోవాల్సింది. కానీ వెలుగుండగానే గుడిసె దాటాలన్న ఆత్రం... ఆగలేదు.

చీకటి పడింది. హెడ్‌లైటులో రాతి గోడ కనిపించింది. సగం కూలిన కప్పు, పక్కన తుప్పు పట్టిన వాన నీళ్ళ తొట్టి. దారికి ఇరవై అడుగుల్లో తలుపు, ఓరగా... తెరిచే ఉంది.

బైకు రెండుసార్లు దగ్గింది... ఆగిపోయింది.

లైటు కూడా ఆరింది.

అంత నిశ్శబ్దం తనెప్పుడూ వినలేదన్నాడు డెస్. గాలి లేదు, పిట్ట లేదు. పగలంతా కాలిన ఇసుక మీద చలి దిగుతోంది. వాడి ఊపిరి వాడికే పెద్దగా వినిపిస్తోంది.

"ఐదు నిమిషాల పని," అని తనకి తనే చెప్పుకున్నాడు. టార్చి పళ్ళ మధ్య పట్టుకుని, వెనక్కి తిరిగి, పట్టీ మీద చెయ్యి వెయ్యబోయాడు...

టంగ్!

పక్కనే తలుపు కొట్టినట్టు. డెస్ కొయ్యబారిపోయాడు. టార్చి తిప్పి చూశాడు, ఇసుక మీద తన అడుగులు తప్ప ఏమీ లేవు.

టంగ్... టంగ్!

ఎవరూ లేరు. ఎవరూ లేకుండానే... కొడుతున్నారు.

అప్పుడు గుడిసె లోపల్నించి వచ్చింది గొంతు. మనిషి గొంతులా లేదు, ఎండిన తోలు మీద గీరినట్టుంది.

"తెరిచే... ఉంది..."

డెస్ నోట్లోంచి టార్చి జారి ఇసుకలో పడింది.

"లోపలికి... రా..."

వాడేం చేశాడో వాడికి సరిగా గుర్తులేదు. బైకెక్కాడు. కిక్కు కొట్టాడు. ట్యాంకులో ఏమీ లేదన్న సంగతి కూడా మర్చిపోయాడు. మళ్ళీ కొట్టాడు. గుర్తొచ్చాక బండిని ఓ పక్కకి వంచి, అడుగున మిగిలిన నాలుగు చుక్కలు ఇంజనుకి చేరేలా ఊపి, మళ్ళీ కొట్టాడు. ఒక్క ఫర్లాంగు పోతే చాలు. ఆ తలుపుకి దూరంగా... అంతే. కొట్టీ కొట్టీ కాలి మడమ వాచిపోయింది. బండి ఒక్కసారి కూడా అంటుకోలేదు.

దూకి డబ్బా దగ్గరకొచ్చాడు. మూత తిప్పాడు. రాదు. పటకారు పెట్టి తిప్పాడు. రాదు. మూతని లోపల్నించి ఎవరో గుంజి పట్టుకున్నట్టుంది.

టంగ్!

ఈసారి వాడి చేతుల కిందే మోగింది.

"తెరిచే ఉందంటున్నా కదా..." అంది గొంతు, గుడిసెలోంచి, నీరసంగా.

డెస్‌కి ఏడుపొచ్చింది. భయం ముదిరితే కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. వాడు బూతులు తలుచుకున్నాడు. మూతని, రబ్బరుని, దాన్ని బిగించిన తన చేతుల్ని, వాటిని కన్న వంశాన్ని వరసపెట్టి తిట్టాడు. ఆ తిట్లు నేనిక్కడ చెప్పను. మా వైపు అన్ని బూతులు ఒక్క దమ్ములో కలిపి తిట్టగలిగింది వాడొక్కడే.

తిట్లు అయిపోయాయి.

"...డెస్?"

లెనాన్‌కి తన పేరెలా తెలుసు?

"ఒరేయ్ డెస్... మూతని తిడితే వస్తుందట్రా, తెలివితక్కువ వెధవా..."

చిన్నప్పటి నుంచీ ఆ మాట వాణ్ణి అన్నది ఒక్కడే.

డెస్ పరిగెత్తాడు. ఈసారి తలుపు వైపు.

ఎర్నీ మూల గోడకి ఆనుకుని పడి ఉన్నాడు. వాగులు పొంగుతున్నాయని మా దగ్గరికి సరుకులకి బయల్దేరాడట. దారిలో జీపు ఇసుకలో దిగబడింది. జాకీ జారి చీలమండ నలిగిపోయింది. నాలుగు కిలోమీటర్లు మోచేతుల మీద దేక్కుంటూ గుడిసె చేరాడు. తొట్టిలో అడుగున ఉన్న నాలుగు గ్లాసుల నీళ్ళు నిన్నటితో అయిపోయాయి. నాలిక వాచిపోయి గొంతు అలా మారింది. స్పృహ వస్తూ పోతూ ఉంది. బయట ఎవరో తలుపు కొట్టినట్టు వినపడితే, అలవాటుగా పలికాడు.

డెస్ సీసాలోని నీళ్ళు చెంచాడు చెంచాడుగా పోస్తూ, ఏడుస్తూ, అన్నని తిడుతూ కూర్చున్నాడు. బయట డబ్బా ఇంకోసారి టంగుమంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అప్పుడు అర్థమైంది డెస్‌కి. పగలంతా ఎండకి ఉబ్బిన పలచ రేకు, చలి పడగానే లోపలికి లాక్కుంటోంది. లోపలికి గాలి వచ్చే దారి లేక మూతా బిగుసుకుంది, రబ్బరు ఉబ్బి ఇంకా బిగించింది. స్క్రూడ్రైవరుతో డబ్బా పైన ఓ పోటు పొడిస్తే ఉస్సుమంది, మూత చేతిలోకి వచ్చేసింది. తెల్లారేసరికి ఎర్నీని తన వీపుకి అవే ట్యూబు పట్టీలతో కట్టుకుని నా గుమ్మం ముందు దిగాడు.

నెల తర్వాత ఎర్నీ నా వంటింట్లో కట్టు కాలు చాపుకుని, చుట్టూ పదిమందికి ఈ కథ చెప్పాడు. డెస్ తలుపు పక్కన నిలబడ్డాడు.

"నిద్రపోతే చచ్చిపోతానని తెలుసు. ఏదో ఒకటి లెక్కపెడుతూ ఉన్నా," అన్నాడు ఎర్నీ. "బయట మావాడు కిక్కు కొడుతున్నాడు. పదకొండు సార్లు. బండి మొరాయిస్తున్నా వదల్లేదు. నా దగ్గరికి రావాలని వాడికెంత తపనో ఆ పదకొండులో తెలిసింది నాకు."

అందరూ డెస్ భుజం తట్టారు. ఎవరో వాడి చేతిలో బీరు పెట్టారు. డెస్ దాన్ని బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి వెనకాలే వెళ్ళాను. పంపు పక్కన బైకు దగ్గర నిలబడి ఉన్నాడు.

"వాడికి చెప్పకు మేవిస్," అన్నాడు.

"ఏం చెప్పొద్దు?"

"ఆ పదకొండులో ఒక్కదానికి బండి అంటుకుని ఉంటే... నేను ఇక్కడుండేవాణ్ణి. వాడు అక్కడే ఉండేవాడు."