నాయినకు చెప్పని రోగం

జడ్చర్ల డిగ్రీ కాలేజీ గ్రౌండు మీద మంచు ఇంకా విడలేదు. చెవుల చుట్టూ తువ్వాలు కట్టుకుని, చేతిలో ఫోను పట్టుకుని కురుమయ్య సున్నపు గీత దగ్గర నిలబడ్డాడు. మిగతా ఆడపిల్లలు ఎప్పుడో చేరుకుని నడుము మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నారు. అతని కూతురు నిరోష ఒక్కతే ఇంకా మూల మలుపు దగ్గర ఉంది.

ఆమె గీత దాటగానే ఫోను చూశాడు. ఆరు నిమిషాల పదకొండు సెకన్లు.

"నిన్నటికంటె ఎక్కువైంది. ఏమైతాందే నీకు?" అన్నాడు.

నిరోష మోకాళ్ళ మీద చేతులాన్చి వంగి ఊపిరి తీసుకుంటోంది.

కానిస్టేబుల్ ఉద్యోగాలకు పెట్టిన మొదటి రాతపరీక్షలో ఆ వాడకట్టు నుంచి గట్టెక్కిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఇక మిగిలింది దేహదారుఢ్య పరీక్ష. ఎనిమిది వందల మీటర్లు ఐదు నిమిషాల ఇరవై సెకన్లలో పరుగెత్తాలి. ఇంకా మూడు వారాలే గడువుంది. ఆమె బరువు మాత్రం ఎనభై రెండు కిలోల దగ్గర బిగుసుకుని కూర్చుంది.

కురుమయ్య మార్కెట్ యార్డులో హమాలి. యాభై దాటినా క్వింటాలు బస్తాను వీపు మీద వేసుకుని లారీ ఎక్కించగలడు. ఒళ్ళు వంచి చెమట కారిస్తే శరీరం చెప్పినట్టు వింటుందని అతని నమ్మకం. వినలేదంటే ఎక్కడో బద్ధకం ఉన్నట్టే. ఇంటర్‌లో పుల్లలా ఉన్న పిల్ల రెండేళ్ళలో ఇట్లా ఎట్లా అయిందో అతనికి అంతుపట్టలేదు. తిండి వల్లనే అని తేల్చుకున్నాడు.

ఇంటికి వచ్చాక భార్య శ్రీదేవి ఇద్దరికీ జొన్నరొట్టెలు పెట్టింది. నిరోష కంచంలో రెండోది పడగానే కురుమయ్య దాన్ని తీసి గిన్నెలో వేశాడు.

"ఒక్కటి చాలు."

"పొద్దుగాల ఉరికొచ్చిన పిల్ల," అంది శ్రీదేవి.

"ఉరికితేనే తగ్గుతదా? నోరు కట్టుకోవాలె. రాత్రి బువ్వ బంద్ చేసి నెల దాటె, పావు కిలో గూడ తగ్గలే. అంటే ఏడనో తింటాంది."

నిరోష తలెత్తి తల్లి వైపు చూసింది. శ్రీదేవి చూపు తిప్పుకుంది. పిల్ల ఉన్న ఒక్క రొట్టెను నీళ్ళపప్పుతో తిని, చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

ఆ మాట అన్నాక కురుమయ్య కూడా రొట్టె సగంలోనే వదిలేసి లేచాడు. కానీ అనుమానం పోలేదు. అంతకుముందు పల్లీల డబ్బా మీద గోటితో గీత గీసి పెట్టుకున్నాడు. పల్లీలు గీత కిందికి దిగలేదు. ఆ రోజు నిరోష స్నానానికి పోయినప్పుడు ఆమె సంచి విప్పి చూశాడు. బిస్కెట్లో, మిక్చరో దొరుకుతుందనుకున్నాడు. పుస్తకాల మధ్య గుడ్డలో చుట్టిన ఒక మాత్రల పట్టీ దొరికింది. సగం మాత్రలు వాడేసి ఉన్నాయి.

యార్డుకు పోతూ బస్టాండు దగ్గరి మెడికల్ షాపులో ఆగాడు. షాపు నడిపే నాగరాజు పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి గొంతు తగ్గించాడు.

"ఇవి పిల్లలు కాకుండ వేసుకునే గోలీలు, కాకా. ఎవరివి?"

 నాగరాజు ఇంకేదో చెప్పబోతున్నాడు. కురుమయ్య పట్టీ లాక్కుని రోడ్డెక్కాడు. యార్డుకు పోలేదు. ఇంటికే నడిచాడు.

శ్రీదేవి బడిలో మధ్యాహ్న భోజనం వండడానికి బయలుదేరుతోంది. నిరోష లోపల కూర్చుని చదువుకుంటోంది. కురుమయ్య తలుపు దగ్గరేసి పట్టీని నేల మీద పడేశాడు.

"ఇవేంది?"

నిరోష ముఖం పాలిపోయింది. శ్రీదేవి ముందుకొచ్చింది.

"దవాఖానల ఇచ్చిన గోలీలు. పిల్లకు ఒంట్ల బాగలేదు."

"ఏం రోగం?"

"ఆడోళ్ళ సంగతి. నీకు చెప్పేది గాదు."

"పిల్లలు గాకుండ ఏసుకునే గోలీలట. షాపాయన చెప్పిండు. పెండ్లి గాని పిల్లకు ఏ డాక్టరు ఇస్తడే గివి?"

నిరోష లేచి నిలబడింది. "నా మీద ఏం అనుకుంటున్నవ్ నాయినా? ఆ మాట నోటితోని చెప్పు."

అతను చెప్పలేకపోయాడు. చెప్పలేని కోపంతో పట్టీని ఎత్తి, కిటికీలోంచి వీధి మోరీలోకి విసిరేశాడు. అది నల్లనీళ్ళలో పడి కొట్టుకుపోయింది.

"ఉరకవోయే పిల్లకు గోలీలు ఎందుకు? తిండి తగ్గించు, అన్నీ అవే తగ్గుతయి," అని బయటికి నడిచాడు.

నిరోష ఏడవలేదు. మళ్ళీ ఆ మాత్రలు తెచ్చుకోనూ లేదు. మర్నాడు పొద్దున అతనికంటే ముందే లేచి బూట్లు కట్టుకుంది. గ్రౌండులో అతను ఎంత చెబితే అంత పరుగెత్తింది. తండ్రితో ఒక్క మాటా మాట్లాడలేదు. కోపం మంచిదే, కాళ్ళకు బలం వస్తుందని కురుమయ్య అనుకున్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున రెండో చుట్టులో ఆమె మలుపు దగ్గర ఆగింది. పక్కకు రెండడుగులు వేసి కూలబడింది. అతను అరుస్తూ పోయి లేపేసరికి ఒళ్ళు చల్లగా ఉంది. ట్రాక్‌ప్యాంటు తడిసి ఎర్రగా అయింది. తోటి పిల్లల్లో ఒకామె తన చున్నీ తీసి నిరోష నడుము చుట్టూ కప్పింది. "నువ్వు అటు తిరుగు, కాకా," అంది. కురుమయ్య అటు తిరిగాడు. కానీ ఎటు చూడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

ఆటోలో మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. మధ్యాహ్నానికి డాక్టరమ్మ అతన్ని లోపలికి పిలిచింది.

"ఐదు రోజుల నుంచి రక్తం పోతోందట. ఒంట్లో హిమోగ్లోబిన్ ఆరు గ్రాములే మిగిలింది. మీకు తెలియదా?"

"నాకు చెప్పలే మేడం."

"పీసీఓఎస్ ఉందని రెండేళ్ళ కింద రాసిచ్చారు. అది తెలుసా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె కాగితం మీద చిన్న బొమ్మ గీసి చూపించింది. ఒంట్లో కొన్ని రసాలు లెక్క తప్పుతాయనీ, దాంతో నెలసరి నెలల తరబడి ఆగిపోతుందనీ, వస్తే ఇట్లా రక్తం ఆగకుండా పోవచ్చుననీ చెప్పింది.

"ఈ జబ్బుతో ఒళ్ళు తొందరగా పెరుగుతుంది, తగ్గడం మాత్రం చాలా కష్టం. ఇది బద్ధకం కాదు. కడుపు మాడిస్తే రక్తం తగ్గుతుందే తప్ప మేలు జరగదు. నెలసరి సరిగ్గా రావాలనే ఆ మాత్రలు ఇచ్చారు. మధ్యలో ఎందుకు ఆపేసింది?"

కురుమయ్య తువ్వాలును రెండు చేతులతో మెలితిప్పాడు.

"నేనే పారేసిన మేడం."

డాక్టరమ్మ అతన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. రక్తం ఎక్కించాలని, రెండు నెలల దాకా పరుగు మాట ఎత్తవద్దని రాసిచ్చింది.

వరండాలో శ్రీదేవి గోడకు ఆనుకుని కూర్చుంది. అతను పక్కన కూలబడ్డాడు.

"నాకెందుకు చెప్పలేదే?"

"ఎట్ల చెప్పాలె? నీకు చెప్తె యార్డంత తెలుస్తది. పిల్లలు గారంటరు, పెండ్లి గాదంటరు."

"గిసొంటి ముచ్చట యార్డుల చెప్తనా?"

"పరీక్ష పాసైన దినం పొద్దుమూకేసరికి యార్డంత చెప్పి రాలేదా? నోరు మెదపొద్దని దానికి చెప్పి చెప్పి నేనే గిట్ల చేసిన. అది ఎన్నిసార్లడిగిందో, నాయినకు చెప్తనే అని." శ్రీదేవి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

నిరోషను వారం తర్వాత ఇంటికి పంపారు. దేహదారుఢ్య పరీక్ష అప్పటికి ఐదు రోజుల్లో ఉంది. ఆ ఐదు రోజులూ ఇంట్లో ఎవరూ దాని పేరెత్తలేదు. పరీక్ష రోజు పొద్దున కురుమయ్య లేచేసరికి నిరోష తలస్నానం చేసి, హాల్‌టికెట్ జేబులో పెట్టుకుని బూట్లు కట్టుకుంటోంది.

అతను తలుపుకు అడ్డం నిలబడ్డాడు. "వద్దు బిడ్డా. డాక్టరమ్మ వద్దన్నది."

"ఉరుకు అన్నది నువ్వే. వద్దన్నది నువ్వే. తిను అన్నది అమ్మ, తినకు అన్నది నువ్వు. చెప్పకు అన్నది అమ్మ." ఆమె గొంతు పెంచలేదు. "నా పెయ్యి మీద, నా ఒంటి మీద నా మాట ఎప్పుడు నడుస్తది నాయినా?"

కురుమయ్య బస్తా అయితే ఎత్తేవాడు, లారీ అయితే తోసేవాడు. ఈ పిల్ల లోపల ఏముందో, దానికి ఏం చేయాలో అతని చేతులకు తెలియదు. నెమ్మదిగా తలుపు పక్కకు జరిగాడు.

"పోతనంటె ఆపను. వెంట వస్త. పోనంటె ఈడనే కూసుంట. నీ ఇష్టం."

నిరోష వీధిలోకి దిగింది. ఇరవై అడుగులు వేసేసరికి ఆయాసం తన్నుకొచ్చింది. గోడను పట్టుకుని ఆగింది. తల దించుకుని చాలాసేపు నిలబడింది. కురుమయ్య గడప దాటలేదు, పిలవలేదు. అట్లా నిలబడటం అతనికి ఏ బస్తా మోసినప్పటికంటే కష్టమైంది.

ఆమె తనంతట తానే తిరిగి వచ్చి మెట్టు మీద కూర్చుంది. దవాఖానలో కూడా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కురుమయ్య కింది మెట్టు మీద కూర్చుని ఆమె బూట్ల లేసులు విప్పాడు. అతని కన్నీళ్ళు బూటు మీద పడ్డాయి. తుడవలేదు.

"నిన్ను తప్పుగ అనుకున్న బిడ్డా. గా దినం నోటితోని చెప్పమన్నవ్, చెప్పలేకపోయిన. ఇప్పుడు చెప్తున్న. తప్పు నాది."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "వచ్చే నోటిఫికేషన్ వరకు గూడ తగ్గుతనో లేదో తెల్వదు నాయినా. ఎంత చేసినా తగ్గకపోవచ్చు."

"తగ్గమన్ననా?"

"రేపు అంటవు."

 "అంటనేమో. అంటె గట్టిగ చెప్పు, నోరు మూసుకుంట." తల ఎత్తకుండానే అడిగాడు. "గీ రోగం ఎప్పుడు మొదలైంది బిడ్డా? ఎట్ల ఉంటది? అంత చెప్పు."

లోపలినుంచి శ్రీదేవి గడప దాకా వచ్చింది. "ఆయన ముంగట అవన్ని ఎందుకే?"

"చెప్పనియ్యి," అన్నాడు కురుమయ్య. "నువ్వు గూడ వచ్చి కూసో."

నిరోష ఇద్దరి వైపూ చూసింది.  ఇంటర్ రెండో ఏడులో నాలుగు నెలలు నెలసరి ఆగిపోయిన దగ్గర మొదలుపెట్టింది. గడ్డం మీద వెంట్రుకలు మొలిచినప్పుడు కాలేజీకి ముఖానికి గుడ్డ కట్టుకుని పోయిన సంగతి చెప్పింది. ఒక్క రొట్టె తిని చదవబోతే అక్షరాలు కళ్ళ ముందు తిరిగిన సంగతి చెప్పింది. కొన్ని మాటలు తండ్రి ముందు ఎన్నడూ పలకనివి. అవీ చెప్పింది. అతను చూపు తిప్పుకోలేదు.

అర్థం కాని చోట ఆగమన్నాడు. మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది.