కీబోర్డు లేని ట్యాబ్

మే నెల మధ్యాహ్నం మిర్యాలగూడలో కుక్క కూడా నీడ వదిలి కదలదు. మిల్లుల వైపు నుంచి ఊక వాసన, రోడ్డు మీంచి మెత్తబడిన తారు వాసన కలిసి వస్తుంటాయి. బస్టాండు వెనక సందులో ఉన్న తన రిపేరు షాపు షట్టరును నీరజ సగానికి దించింది. చిన్న ఫ్యాను ముందు కూర్చుని, పొద్దున పార్శిల్‌లో వచ్చిన ట్యాబ్‌ను తిట్టుకుంటోంది.

అది సూర్యాపేటలో ఒక కోచింగ్ సెంటరుది. ఆన్ చేస్తే నీలం తెర వచ్చి అక్కడే ఆగిపోతోంది. దానితోపాటు రావలసిన కీబోర్డు రాలేదు. పెళ్లికి పోయి చెప్పులు పోగొట్టుకున్నంత తేలిగ్గా పోగొడతారు జనం ఈ కీబోర్డులను. తర్వాత కష్టం రిపేరు చేసేవాళ్లది.

కీబోర్డు లేని ట్యాబ్‌కు మళ్లీ సిస్టమ్ ఎక్కించడం ఒంటిచేత్తో సూదిలో దారం ఎక్కించడమే. ఉన్నది ఒక్కటే రంధ్రం. దానికి హబ్ తగిలించి, ఆ హబ్‌కు పెన్‌డ్రైవ్, మౌస్ పెట్టాలి. ఇక ఛార్జింగ్‌కు దారి ఉండదు కాబట్టి ముందే నిండుగా ఛార్జ్ చేసుకోవాలి. ఆపైన వాల్యూమ్ తగ్గించే బటన్ అదిమి పట్టుకుని పవర్ నొక్కాలి. సమయం బాగుంటే పెన్‌డ్రైవ్ నుంచి లేస్తుంది, లేకపోతే మళ్లీ మొదటికి. నీరజకు నాలుగోసారికి లేచింది.

"లే తల్లీ, లే" అని, మౌస్‌తో 'మొత్తం చెరిపి మళ్లీ ఎక్కించు' అన్నదాన్ని నొక్కింది. రెండు శాతం. మూడు శాతం. ఇంకో గంట పని.

నిజానికి ఆ ట్యాబ్‌కు అచ్చంగా సరిపోయే కీబోర్డు షాపులోనే ఉంది. గోడ అరలో, రాజేందర్ ఫోటో ముందు. పోయిన దసరాకు స్క్రూడ్రైవర్లతోపాటు దానికీ పసుపు కుంకుమ పెట్టింది. కుంకుమ ఇంకా మీటల మీదే ఉంది. ఎంత అవసరం పడినా దాన్ని మాత్రం ఆమె కిందికి తీయదు.

రాజేందర్ ఆమె భర్త. ఇద్దరిదీ పాలకీడు దగ్గర తండా. ఈ పని ఆమెకు నేర్పింది అతనే. అతను పోయి ఏడాది కావస్తోంది. మేళ్లచెరువు రోడ్డు మీద సిమెంటు లారీ ఏదో గుద్దిపోయింది. సాయంత్రం ఎవరో చూసేసరికి ఒళ్లంతా తెల్లటి దుమ్ము కప్పుకుని పడి ఉన్నాడట. బండి పక్కన తుప్పలో ఈ కీబోర్డు దొరికింది. దాని మీద గీత కూడా పడలేదు. ట్యాబ్ మాత్రం లేదు.

కోదాడలో షాపున్న శశిధర్ అతనికి కాలేజీ నాటి స్నేహితుడు. కబురు తెలిసి శవం దగ్గరికి ముందు వచ్చిందీ, అంతా దగ్గరుండి చూసిందీ అతనే. పదకొండో రోజున నీరజ అతన్ని ఒక్కటే అడిగింది.

"అన్నా, ఆ ట్యాబ్‌ల ఆయనది ఏమన్న దొరుకుతదా? ఒక ఫోటో, ఒక మాట..."

"లారీ చక్రం కింద నుజ్జయిందమ్మా. ఏం మిగల్లేదు. దాని మీద ఆశ పెట్టుకోబాకు."

ఆ ఆశ ఎందుకో చెప్పుకుంటే సిగ్గు. అతను పోయిన రోజు ఆదివారం. తండాకు పోదామంటే మళ్లీ పనుందన్నాడని నీరజ అలిగింది. రాజేందర్ అన్నం తినకుండా బయలుదేరాడు. బండి మీద కూర్చుని "నీరజా" అని పిలిచాడు. ఆమె బల్ల తుడుస్తూ పలకలేదు. "నీరజా" అని మళ్లీ పిలిచాడు. పలకలేదు. మూడోసారి పిలవలేదు, వెళ్లిపోయాడు. కోపంతోనే పోయాడా, పోనీలే అనుకుని పోయాడా? ఏడాదిగా ఆమెను తినేస్తున్నది ఈ ఒక్క ప్రశ్నే.

సూర్యాపేట సెంటర్ల పని రాజేందర్ తెచ్చుకున్నది. వాళ్ల ట్యాబ్‌లకు కావలసినవన్నీ తన ట్యాబ్‌లో సరిచేసి పెట్టుకున్నందుకు దొరికిన పని. అతను పోయాక అది శశిధర్ చేతికి వచ్చింది. అందులోంచి అప్పుడొకటి ఇప్పుడొకటి నీరజకు పంపుతున్నాడు. ఈ రోజు ట్యాబ్‌తో వచ్చిన, నల్ల దారం కట్టిన పెన్‌డ్రైవ్ కూడా అతను పంపిందే. అన్నంటే ఇట్లా ఉండాలని ఆమె ఎందరి దగ్గర చెప్పుకుందో లెక్కలేదు.

నూరు శాతం అయింది. తెర ఆరిపోయి మళ్లీ వెలిగింది.

కొత్తగా సిస్టమ్ ఎక్కిన ట్యాబ్ ఏ భాష కావాలి అని అడగాలి. ఏ దేశం అని అడగాలి. అవేవీ అడగలేదు. తాళం వేసిన తెర వచ్చింది. దాని మీద పేరు... బానోత్ రాజేందర్.

పేరు వెనక ఫోటో. ఆకుపచ్చ చీరలో ఒక ఆడమనిషి, మొహం పక్కకు తిప్పుకుని, మూతి ముడుచుకుని బల్ల తుడుస్తోంది.

అది తనే. ఆ ఆదివారం పొద్దున. తనకు తెలియకుండా తీశాడు. తీసి, దారిలో ఎక్కడో ఆగి, తాళం తెర మీద పెట్టుకున్నాడు. కోపం ఉన్నవాడు పెట్టుకునే ఫోటో కాదది.

కళ్లు తుడుచుకున్నాక గానీ రెండో సంగతి తట్టలేదు. ఆ పొద్దున తీసిన ఫోటో ఈ పెన్‌డ్రైవ్‌లోకి ఎట్లా వచ్చింది? ఆ తర్వాత ఎవరో రాజేందర్ ట్యాబ్‌ను తెరిచి, ఉన్నదున్నట్టు నకలు తీస్తే తప్ప రాదు. లారీ కింద నుజ్జయిన ట్యాబ్‌ను ఎవరు తెరుస్తారు?

శశిధర్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, గీ పెన్‌డ్రైవ్ ఏ ట్యాబ్ నుంచి తీసినవ్?"

"ఏదో సెంటర్‌దమ్మా. ఎందుకు?"

"దీంట్ల మా ఆయన పేరొచ్చింది."

అటువైపు గాలి హోరు. బండి మీద ఉన్నాడు.

"నీకొచ్చింది నల్ల దారం కట్టిందా?" అన్నాడు. "ఎర్ర దారంది పంపబోయి... పొద్దున్నే చూసుకున్నా. నీరజా, లాక్ తీయబాకు. ఆఫ్ చేసి పక్కన పెట్టు. హుజూర్‌నగర్ ఎప్పుడో దాటినా, వచ్చేస్తన్నా."

ఫోన్ పెట్టేశాడు. అంటే ఆమె ఫోన్ చేయకముందే బయలుదేరాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయట. ఏడాదిపాటు తన ఇంటి దుఃఖమంతా తెచ్చి ఎవరి ముందు పోసుకుందో వాడే ఆ ట్యాబ్‌ను దాచిపెట్టుకున్నాడు. ఒక్క ఫోటో అడిగితే లేదన్నాడు. నీరజకు ఏడుపు రాలేదు, ట్యాబ్ ఆఫ్ చేయనూ లేదు.

తెర నాలుగు అంకెలు అడుగుతోంది. ఆ అంకెలు ఆమెకు తెలియవు. తెర మీద వేలు పెడితే కదలిక లేదు. మౌస్ కదిపింది, హబ్ మీద దీపం ఆరిపోయింది. అంతలోనే కరెంటు పోయి ఫ్యాను ఆగింది.

నిశ్శబ్దం. చెమట వాసన. సోల్డరింగ్ వాసన. ఇంకేదో వాసన కూడా... నీళ్లు చల్లిన సున్నం వాసన.

టక్.

నీరజ తలెత్తింది. చప్పుడు వెనక నుంచి వచ్చింది.

టక్... టక్.

అరలోంచి. ఫోటో ముందు నుంచి. ఆ కీబోర్డుకు బ్యాటరీ ఉండదు. ట్యాబ్‌కు తగిలిస్తేనే దానికి ప్రాణం. ఇప్పుడది దేనికీ తగిలించి లేదు.

టక్.

తెర మీద నాలుగు చుక్కలు పడ్డాయి. ఐదోసారి చప్పుడు కాస్త గట్టిగా వచ్చింది. తాళం తెరుచుకుంది.

లోపల ఒకే ఒక్క ఫైలు. ఆ ఆదివారం తేదీతో ఉన్న రికార్డింగ్. ఆమె ముట్టుకోలేదు. అదే మొదలైంది.

గాలి. దూరంగా లారీ. దగ్గరగా ఊపిరి... తడబడుతున్న ఊపిరి.

"నీరజా... లారీ గుద్దిపోయింది. ఫోన్ పలిగింది. గిందుకే దీంట్ల చెప్తున్న. కాలు లేస్తలేదు. పొద్దుగాల కోపం మీద పోలేదే నేను... సాయంత్రం తండాకు పోదం, తయారుండు. అగో, శశి వస్తుండు. ఇగ పరేషాన్ లేదు."

బైకు ఆగిన చప్పుడు. అడుగులు.

"శశీ... నీళ్లు..."

"ట్యాబ్ ఏదిరా? పగల్లేదుగా?"

"దవాఖానకు... శశీ..."

క్లిక్ మంది. కీబోర్డు ఊడదీసిన చప్పుడు. ఆ చప్పుడు నీరజ ఎంత నిద్రలోనైనా గుర్తుపడుతుంది. ఏదో తుప్పలో పడింది. సంచి జిప్పు వేసిన చప్పుడు. "శశీ! అరేయ్ శశీ!" బైకు స్టార్టయింది.

నీరజ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. బతికున్నాడు. నీళ్లడిగాడు. వీడు ట్యాబ్ ఎత్తుకుని, మనిషిని ఎండలో వదిలేసి పోయాడు. సాయంత్రం తిరిగొచ్చి శవం మీద పడి ఏడ్చాడు. తన తలమీద చెయ్యేసి నేనున్నా చెల్లెమ్మా అన్నాడు.

రికార్డింగ్ ఆగలేదు. ట్యాబ్ శశిధర్ సంచిలో పోతోంది. బైకు చప్పుడు సాగుతూనే ఉంది. రాజేందర్ రోడ్డు మీదే ఉండిపోయాడు కదా... కానీ ఆ ఊపిరి దూరం కాలేదు. అట్లాగే, మైకుకు ఆనుకుని వినిపిస్తోంది.

"నీరజా" అంది ఆ ఊపిరి, గుసగుసగా. "వాడు వస్తుండు. షట్టర్ దించు."

ఆమె లేచి షట్టరును దించేసింది. కింద బెత్తెడు ఖాళీ మిగిలింది. అది ఎప్పుడూ పూర్తిగా దిగదు. చీకట్లో బల్లకు ఆనుకుని కూర్చుంది. రికార్డింగ్‌లో బైకు చప్పుడు పెరుగుతూ పెరుగుతూ వచ్చి... తెర మీద అంకెలు ఆగిపోయాయి. రికార్డింగ్ అయిపోయింది.

బైకు చప్పుడు మాత్రం ఆగలేదు. అది బయట సందులో ఉంది.

షట్టరు ముందు బండి నిలిచింది, ఇంజను ఆగలేదు. కింది ఖాళీలోంచి నల్ల బూట్లు రెండు కనిపించాయి.

"నీరజా."

అత్త రంగి మాట గుర్తొచ్చింది. "పగటి పన్నెండుకు, నడిరాత్రికి ఎవలన్న పిలిస్తే పలుకకు బిడ్డా. మూడుసార్లు పిలిస్తెనే మనిషి. దయ్యం మూడోసారి పిలువది."

శశిధర్ మనిషే. అయినా నీరజ పలకలేదు.

బూట్ల వెనక ఇంకో రెండు పాదాలు వచ్చి నిలబడ్డాయి. చెప్పుల్లేవు. చీలమండల దాకా తెల్లటి దుమ్ము. ఒక పాదం పక్కకు తిరిగి ఉంది... కాలు విరిగితే తిరిగేటట్టు.

"నీరజా..."

ఈసారి గొంతు సన్నగా వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తూ పిలిచినట్టుంది. ఆమె చెవులు రిక్కించింది. మూడో పిలుపు రాలేదు. బూట్లు మెల్లగా నేలను వదిలి పైకి లేచాయి. ఒక చేయి గోళ్లతో రేకును గీరింది... పైదాకా గీరింది. ఆ తర్వాత ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఎంతసేపు కూర్చుందో తెలియదు. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగింది. ఎవరో షట్టరు దబదబా బాదారు.

"అక్కా, ఎవలిదే గీ బండి? తాళంచెవి అట్లనే ఉంది, ఇంజనాగలే!" పక్క టైలరు షాపు నాగరాణి గొంతు.

నీరజ షట్టరు లేపింది. ఎండ మొహాన కొట్టింది. బైకు ఇంజను తిరుగుతూనే ఉంది. సీటు మీద మందంగా తెల్ల దుమ్ము.

"ఎవలన్న దిగిండ్రా? సూసినవా?"

"ఎవల్లేరు. బండి చప్పుడైతే బయటికొచ్చిన." నాగరాణి తాళం తిప్పి ఇంజను ఆపింది. "ఏమైందక్కా, గట్ల సూస్తున్నవ్?"

నీరజ లోపలికి వచ్చింది. ట్యాబ్ తెర మీద ఏ భాష కావాలి అని అడుగుతోంది. కొత్త ట్యాబ్ అడిగేటట్టే. పేరు లేదు, ఆకుపచ్చ చీర లేదు. ఒక్కసారి విన్న ఆ మాటలు ఇక ఆమె చెవుల్లోనే ఉంటాయి. అరలో కీబోర్డు మీద కుంకుమ చెదిరింది. ఐదు మీటల మీద తెల్లటి వేలిముద్రలున్నాయి. ఆమె వాటిని తుడవలేదు. రాజేందర్ ఫోటోను చూసి "పోదం, తండాకు పోదం" అంది. ఏడాది తర్వాత మొదటిసారి తనివితీరా ఏడ్చింది.

అప్పుడు చూసింది. ట్యాబ్ మూలన మైకు పక్కన ఎర్ర చుక్క వెలుగుతోంది. రికార్డింగ్ జరుగుతోంది. పద్నాలుగు నిమిషాలు. పదిహేను. ఆమె ఏమీ నొక్కలేదు, అయినా స్పీకరు గరగరలాడింది.

ఎండగాలి. దూరంగా లారీ. దగ్గరగా ఊపిరి, తడబడుతున్న ఊపిరి. ఈసారి అది రాజేందర్‌ది కాదు.

"నీళ్లు..." అంది శశిధర్ గొంతు ట్యాబ్ లోపలి నుంచి. ఆ తర్వాత గట్టిగా, మూడోసారి పిలిచింది. "నీరజా!"

మూడుసార్లు పిలిస్తే మనిషే. పలకాలి.

నీరజ హబ్ ఊడదీసింది. పెన్‌డ్రైవ్‌కున్న నల్ల దారాన్ని చేతికి చుట్టుకుంది. గుడ్డ తీసుకుని, మొహం పక్కకు తిప్పుకుని, బల్ల తుడుస్తూ కూర్చుంది.