దించని బరువు

పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్‌కి రెండు సెల్లార్లు. కింది సెల్లార్‌లో లైటు పోతే పట్టపగలు కూడా చెయ్యి కనపడదు. ఆ శనివారం సాయంత్రం నాలుగింటికి నేను అక్కడే, నా కారు వెనక కూర్చుని, రెండు పెద్ద కాన్వాస్ సంచుల్లో సామాన్లు సర్దుతున్నాను. నాలుగు రోజుల వేటకి. బియ్యం, టార్పాలిన్, తాళ్లు, మందుల డబ్బా. ఏది ఎంత బరువో కొక్కెం కాటాకి తగిలించి చూసి, ఎక్సెల్‌లో రాసుకుంటున్నాను.

సాఫ్ట్‌వేర్ వాడికి వేటేమిటని నవ్వకండి. మా ఊరి వెనక కొండల్లోంచి అడవిపందులు దిగి శనక్కాయ చేలు నాశనం చేస్తున్నాయి. లైసెన్సు తుపాకీ ఉన్న మా నారాయణప్ప మామకి అటవీశాఖవాళ్లు వాటిని కాల్చడానికి పర్మిషన్ ఇచ్చారు. ఆ కొండలకి జీపు ఎక్కదు. సామాన్లు మోయడానికి గుర్రం కావాలి, దాన్ని ఇక్కణ్ణుంచే వ్యానులో తీసుకుపోవాలి.

గుర్రం ఓబులమ్మవ్వ దగ్గర దొరుకుతుంది. మా వీధి చివర రెండు టవర్ల మధ్య మిగిలిపోయిన ఖాళీ జాగాలో ఆమె రేకుల షెడ్డు. అనంతపురం నుంచి మొగుడితో వచ్చి పెళ్లి ఊరేగింపులకి గుర్రాలు తిప్పేది, ఆయన పోయాక కూడా మానలేదు. పోయినేడు ఆమెకి రెండు గుర్రాలుండేవి. ఇప్పుడు ఒక్కటే. రెండోది ఏమైందో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అయినా చెప్పి తీరాలి.

దాని పేరు చుక్క. తెల్లగుర్రం, నుదుట గోధుమరంగు మచ్చ, కాళ్లకి పెళ్లి గజ్జెలు. పోయినేడు నేను దాన్ని వేటకి తీసుకెళ్లేటప్పుడు, అటు ముప్పై కిలోలు, ఇటు ముప్పై, అంతకు మించి వెయ్యొద్దని అవ్వ మరీ మరీ చెప్పింది. ఒక్క లాగు లాగితే విడిపోయే ముడి ఎలా వెయ్యాలో చూపించింది. బరువు ఎక్కించే ముందు ఎక్కించినవాడే గుప్పెడు నానిన శనగలు పెట్టాలట. దించాక మళ్లీ వాడి చేత్తోనే ఇంకో గుప్పెడు.

"ఆ రెండో గుప్పెడు తినేదాకా అది నీ వెనకాలే ఉంటాది నాయనా," అంది.

నేను వింటేగా! అన్నీ తెలిసినవాణ్ణి కదా. వీడియో చూసి, నీలం నైలాన్ తాడుతో, చచ్చినా ఊడని ముడి నేర్చుకున్నాను. ఫోన్లకీ ఫ్యానుకీ పనికొస్తుందని ఇరవై కిలోల బ్యాటరీ పెట్టె ఒకటి అవ్వకి తెలియకుండా సంచిలో దూర్చాను. రెండోవైపు సరితూగాలి కదా, అటు ఇరవై కిలోల రాళ్లు వేశాను. అవును, రాళ్లు. ఎక్సెల్‌లో మాత్రం ముప్పై, ముప్పై అనే రాశాను.

రెండో రోజు లోయ అంచున చుక్క ముందరికాలు విరిగింది. పడిపోయి మళ్లీ లేవలేదు. నా ముడి ఎంత లాగినా రాలేదు. సంచి పక్క కోసి తిండి సామాన్లు మాత్రం తీసుకున్నాం. నారాయణప్ప మామ తుపాకీ అందుకుని, దాని బాధ తీర్చేద్దాం రా అన్నాడు. నేనే వద్దన్నాను. ఆ చప్పుడుకి పందులు దూరం పోతాయని. జీను, రాళ్లు దాని మీద ఉండగానే వదిలేసి పోయాం. రాత్రంతా అది అరుస్తూనే ఉంది. తెల్లారేసరికి ఆగిపోయింది.

తాడు తెంపుకుని పారిపోయిందని అవ్వతో చెప్పాను. పిచ్చిది, నమ్మింది. ఏడాదిగా షెడ్డు తలుపు తీసే ఉంచుతోంది. ఈసారి వేటకి రానందామనుకున్నాను, కానీ ఎందుకు రావని అడుగుతారు. పొద్దున రెండో గుర్రాన్ని మాట్లాడుకోడానికి పోతే అవ్వ డబ్బా నిండా నానిన శనగలు ఇచ్చింది. కొండలో చుక్క కనపడితే పేరుపెట్టి పిలిచి పెట్టమంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ డబ్బాయే ఇప్పుడు కారు బానెట్ మీద ఉంది.

మొదటి సంచి తూచాను. ముప్పై. రెండోది కూడా ముప్పై. ఎందుకో అనుమానమొచ్చి మొదటిది మళ్లీ తగిలించాను.

యాభై.

కాటా పాడైందనుకున్నాను. సంచి విప్పితే నేను పెట్టినవే ఉన్నాయి. అన్నీ బయటపడేసి, వట్టి సంచి తగిలించాను.

ఇరవై.

అప్పుడొచ్చింది వాసన. తడిసిన వెంట్రుకలు, చెమట పట్టిన తోలు, దాని వెనకే మురిగిన పుండు వాసన... లైట్లు పోయాయి. మా జెనరేటర్ నిమిషంలో అందుకుంటుంది. ఆ రోజు అందుకోలేదు.

ర్యాంపు వైపు నుంచి గజ్జెల చప్పుడు. ఘల్... ఘల్... ఘల్... తరవాత ఏదో నేలమీద ఈడ్చినట్టు. మళ్లీ ఘల్... ఘల్... ఘల్... మళ్లీ ఈడుపు.

మూడు కాళ్లు.

"చుక్కా..." అన్నాను.

చప్పుడు నా పక్కకొచ్చి ఆగింది. మెడమీద వెచ్చటి ఊపిరి. అది నన్ను కరవలేదు, తన్నలేదు. ఊరికే నిలబడింది... ఎదురుచూస్తూ. ఆ ఎదురుచూపే నేను భరించలేకపోయాను. చెయ్యి చాపాను. తడి జూలు... డొక్కలు... జీను పట్టీ... తాడు. తాడు మీద నా ముడి. రెండు చేతులా పీకాను. గోళ్లు విరిగాయి. ఏడుస్తూ పీకాను. రాలేదు.

లైట్లొచ్చాయి. ఎవరూ లేరు.

ర్యాంపు మొదట్లో ఓబులమ్మవ్వ నిలబడి ఉంది. గుర్రాన్ని తోలుకొచ్చిందట, అది గేటు దగ్గరే మొరాయించి వణుకుతోందట. నా మొహం చూసి, ఎందుకేడుస్తున్నావు నాయనా అని అడిగింది. నిజం గొంతుదాకా వచ్చింది. ఒక్క మాట చెబితే చాలు, ఆమె ఆ తలుపు మూసుకుని, ఏడ్చి, ఊరుకునేది.

కంట్లో దుమ్ము పడిందవ్వా అన్నాను.

మోకాళ్ల నొప్పులతో మళ్లీ ర్యాంపు ఎక్కలేనంటే, శనగల డబ్బా తీసుకుని ఆమెని లిఫ్టు దగ్గరికి తీసుకెళ్లాను. పదిమంది పట్టే లిఫ్టు. ఇద్దరం ఎక్కామో లేదో కుయ్‌మని కూత మొదలైంది. ఓవర్‌లోడ్ అని ఎర్రక్షరాలు.

"నా బరువేమోలే," అని అవ్వ నవ్వుతూ దిగింది. నలభై కిలోలుంటుందేమో మనిషి.

కూత ఆగలేదు.

అవ్వ వెనక్కి తిరిగింది. నావైపు కాదు, నా భుజం మీదుగా, కాస్త పైకి చూసింది. మొహమంతా విప్పారింది. చెయ్యి చాపి గాలిలో నెమ్మదిగా నిమిరింది... పైనుంచి కిందికి. ఒకచోట వేళ్లు ఆగిపోయాయి. అక్కడే తడిమింది, వంగి చూసింది. నవ్వు పోయింది.

"ఈ ముడి ఎవురేసినారు నాయనా?"

వెనక్కి తిరిగే ధైర్యం నాకు లేదు. తెలీదవ్వా అన్నాను.

అవ్వ నడుం ఎత్తి నిలబడింది. డబ్బా పట్టుకున్న నా చేతుల వైపు చూసింది. నేనూ చూసుకున్నాను. విరిగిన గోళ్ల సందుల్లో నీలం తాడు పీచులు ఇరుక్కుని ఉన్నాయి. ఈసారి నేను కొన్నది తెల్ల తాడు.