మూడో అంతస్తు చివరి బాత్రూమ్

మేమున్న ఆసుపత్రి మూడో అంతస్తులో చివరి బాత్రూమ్‌కు చెడ్డపేరు. కొన్ని రాత్రుళ్ళు లోపల ఒకావిడ ఏడుస్తుందట. సన్నగా నీళ్ళు కారే చప్పుడూ వస్తుందట... తీరా చూస్తే కుళాయి కట్టేసే ఉంటుందట.

వార్డు ఆయమ్మ ఇదంతా చెబితే పకపకా నవ్వాను. నేను సైన్సు మాస్టారిని మరి! దెయ్యాలు లేవని ఇరవై ఏళ్ళుగా పిల్లలకు నూరిపోస్తున్నవాణ్ణి.

నిజానికి అది నవ్వే సమయం కాదు. మా ఏడేళ్ళ పాపకు నా కిడ్నీ ఒకటి పెట్టి వారమైంది. మూడేళ్ళుగా దానికి ఒంటేలన్నదే లేదు. డయాలసిస్ మీదే బతికింది. దాహమని ఏడ్చినా నీళ్ళు చిన్న గ్లాసుతో కొలిచే ఇచ్చేవాళ్ళం. ఆ సాయంత్రమే ఒంటేలు గొట్టం తీశారు.

"తెల్లారేలోగా తనంతట తనే పోసుకోవాలి. లేకపోతే మళ్ళీ గొట్టం పెట్టాల్సిందే," అన్నాడు డాక్టరు.

మా ఆవిడ పాప పక్కన కూర్చుంది. నేను బయట వరండాలో బల్లమీద కాపలా. అంటే, హాయిగా నిద్రపోయాను.

రెండింటికి మెలకువ వచ్చింది. గదిలోకి తొంగిచూస్తే మంచం ఖాళీ! మా ఆవిడా లేదు, నర్సూ లేదు.

మళ్ళీ ఆపరేషన్‌కు తీసుకెళ్ళారా? కుట్లు పట్టుకుని వరండా పొడుగునా నడిచాను—

అప్పుడు వినిపించింది. చివరి బాత్రూమ్‌లోంచి... సన్నగా చప్పుడు. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆ వెంటనే ఆడమనిషి ఏడుపు.

ఇరవై ఏళ్ళ సైన్సు ఆవిరైపోయింది. వెనక్కి జరిగి గోడకు అతుక్కుపోయాను.

తలుపు కిర్రుమంది. తెల్లటి ఆకారం! ముఖంలో కళ్ళు తప్ప ఇంకేమీ లేవు. చేతిలో ఏదో పట్టుకుని నా మీదికే వస్తోంది—

"ఏవండీ..."

మాస్కు, ఆసుపత్రి గౌను వేసుకున్న మా ఆవిడ! చేతిలో కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు.

"ఎనభై మిల్లీలీటర్లండీ," అని మళ్ళీ ఏడ్చేసింది.

ఆమె వెనకాలే నర్సు చెయ్యి పట్టుకుని పాప. "నాన్నా, నేనే పోశాను! చప్పుడు విన్నావా?"

"గొట్టం తీసిన రాత్రి ఇక్కడ ప్రతి అమ్మా ఇలాగే ఏడుస్తుంది సార్," అంది నర్సు మెల్లగా.

నాకూ ఏడుపు ఆగలేదు. పాప మాత్రం నా తడిసిన పైజామానే చూస్తోంది.

"మరి నువ్వు మగ్గులో పోయలేదేం నాన్నా?"

ఆ రాత్రి నా కిడ్నీలు రెండూ భేషుగ్గా పనిచేశాయి. దానికిచ్చినదీ, నాకు మిగిలినదీ.