పక్క సీటు అద్దం

"కాళ్ళకి మట్టుంటే దులుపుకుని ఎక్కండి. తలుపు గట్టిగా వెయ్యకండి. ఆ అద్దం దించకండి, అసలు ముట్టుకోకండి."

కెమెరా సంచి గుండెలకి హత్తుకుని సీట్లోకి దిగబోతున్న ఫోటోగ్రాఫర్ అక్కడే ఆగిపోయాడు. తెల్లారీ తెల్లారకముందే ఇన్ని ఆజ్ఞలు వినాల్సొస్తుందని అతను అనుకోలేదు.

"ఊపిరి పీల్చుకోవచ్చాండీ?"

"మెల్లగా," అందామె నవ్వకుండా.

ఆమె లెక్కల టీచరు. కారు ఆమె అన్నయ్యది. పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు, నేలని రాసుకుంటూ పోయేంత కిందికి ఉంటుంది. పాత కారు కొని, సెలవు దొరికినప్పుడల్లా దాని కింద దూరి, సొంతంగా బాగుచేసుకున్నాడు. ఏడాది కిందట జ్వరమని ఆసుపత్రికి వెళ్ళినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు.

ఒక హోటల్ వాళ్ళ క్యాలెండర్‌కి సముద్రం పక్కనా, కొండ మీదా ఇలాంటి కారు కావాలని ఫోటోగ్రాఫర్ ఊరంతా గాలిస్తుంటే, ఎవరో మెకానిక్ ఈ ఇల్లు చూపించాడు. టీచర్ వాళ్ళమ్మ ఒక్క మాటలో సరేనంది. కూతురే నడపాలని మాత్రం షరతు పెట్టింది. అరువు సొమ్ములు బరువు చేటని పెద్దలు ఊరికే అనలేదు. దారి పొడుగునా అతను చేతులు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు.

సముద్రం పక్క రోడ్డు మీద పని మొదలైంది.

"అంగుళం ముందుకి. ఆఁ, చాలు. అర అంగుళం వెనక్కి."

"ఇది కారండీ. స్కేలు కాదు."

"టీచర్ గారికి అంగుళాలంటే భయమా?"

ఆమె పెదవుల చివర ఏదో కదిలింది. నవ్వే అయ్యుంటుందని అతను ఆశపడ్డాడు.

"ఈ నల్ల చొక్కా ఏమిటి, ఇంత ఉక్కలో?" అని అడిగిందామె కాసేపటికి.

"కారు ఒళ్ళంతా అద్దమే కదండీ. రంగు చొక్కా వేస్తే నేను కనపడిపోతాను. కారు ఫోటోలో మనిషి జాడ ఉండకూడదు."

"జాడ ఉండకూడదా?" అని ఆమె సముద్రం వైపు తిరిగిపోయింది. ఏమన్నానని ఇలా అయిందో అతనికి అర్థం కాలేదు.

ఆమె టీ తేవడానికి వెళ్ళింది. అప్పుడు ఏటవాలు ఎండలో పక్క సీటు అద్దం మీద, లోపలివైపు, అయిదు వేళ్ళతో సహా అరచెయ్యి ముద్ర కనిపించింది. ముట్టుకోవద్దన్న అద్దాన్నే ముట్టుకున్నానా! ఎక్కేటప్పుడే ఆనించి ఉంటాననుకుని, గబగబా నోటి ఆవిరి పట్టి, లెన్స్ తుడిచే గుడ్డతో మరక లేకుండా తుడిచేశాడు. ఆమె వచ్చేసరికి బుద్ధిమంతుడిలా నిలబడ్డాడు.

మధ్యాహ్నం దాటాక కొండ రోడ్డు ఎక్కారు. మలుపుల్లో ఆమె చేతులు తేలిగ్గా తిరుగుతున్నాయి. సన్నటి వాన మొదలైంది. ఆమె నిజంగానే నవ్వుతోంది. ఈ రోడ్డు ఎంతకీ తరగకపోతే బాగుండునని అతనికి అనిపించింది.

"నాకు డ్రైవింగ్ నేర్పింది అన్నయ్యే. మీ సీట్లో కూర్చునేవాడు. మలుపొస్తే చాలు, 'చంపేస్తావే తల్లీ' అని ఆ అద్దానికి చెయ్యి ఆనించేవాడు. ఆ చెయ్యి ముద్ర ఇంకా అలాగే ఉంది. అందుకే పొద్దున కసురుకున్నాను. ఏమనుకోకండి."

అతను తుడిచిన అద్దం వైపు చూశాడు. ఆమె కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. ఊరుకుంటే ఇవాళ్టికి గడిచిపోతుంది. చెబితే ఈ నవ్వు ఇక తన వైపు తిరగదు. ఉదయం నుంచీ తను కోరుకుంటున్నది ఆ నవ్వొక్కటే.

కొండ మీద కారు ఆగింది.

"టీచర్ గారూ, ఆ ముద్ర ఇప్పుడు లేదు. నా చెయ్యే అనుకుని తుడిచేశాను."

ఆమె దిగి, ఇటువైపు వచ్చి, తలుపు తెరిచి చూసింది. అద్దం మీద ఏమీ లేదు.

"ఏడాదిగా అటువైపు గుడ్డ కూడా తగలనివ్వలేదు నేను," అని రోడ్డు పక్క రాయి మీద కూలబడి ఏడ్చింది. వాన వెలిసి, లోయంతా బంగారు వెలుగు పరుచుకుంది. అలాంటి వెలుగు కోసమే అతను ఇంత దూరం వచ్చాడు. అయినా కెమెరా బయటికి తీయలేదు.

"తీసుకోండి ఫోటోలు. మీ పని మీరు చూసుకోండి."

"నావల్ల కాదండీ."

సాయంత్రానికి కొండ దిగారు. ఊళ్ళోకి రాగానే బస్ స్టాప్ దగ్గర ఆపింది.

"అమ్మగారికి కూడా నేనే చెప్పుకోవాలి," అన్నాడతను కదలకుండా.

"అమ్మకేం బాధ లేదు. కారు అమ్మేద్దామని నెలల తరబడి పోరుతోంది. దాని వైపు కన్నెత్తి కూడా చూడదు."

ఇంటికి చేరేసరికి వాళ్ళమ్మ వరండాలో బట్టలు మడతపెడుతోంది. అతను చేతులు కట్టుకుని జరిగిందంతా చెప్పాడు. ఆవిడ చివరిదాకా విని, మడతపెడుతున్న దుప్పటి పక్కన పెట్టింది.

"ఆ చెయ్యి వాడిది కాదు బాబూ."

"అమ్మా!"

"నాదేనే. నువ్వు బడికెళ్ళాక రోజూ పోయి ఆ పక్క సీట్లో కూర్చుంటాను. ఆ దిక్కుమాలిన సీటు పాతాళంలో ఉంటుంది. మోకాళ్ళు సహకరించవు. తలుపు తెరిచి, అద్దానికి చెయ్యి ఆనించి లేస్తాను. వాడి ముద్ర ఎప్పుడో నా చేతి కిందే పోయుంటుంది."

"మరి అమ్మేద్దామన్నావు?"

"ఏడాదిగా దాని చుట్టే తిరుగుతున్నావు. నీకు వేరే లోకం లేకుండా పోయింది. ఒకడిని పోగొట్టుకున్నాను. నిన్ను కూడా పోగొట్టుకోమంటావా?"

కూతురు తల్లి చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. చిన్న అరచెయ్యి, పొట్టి వేళ్ళు. "లెక్కల టీచర్ని. కొలత కూడా చూసుకోలేదు," అని ఏడుపులోనే నవ్వి, ఆ చేతిలో ముఖం దాచుకుంది. ఇన్నాళ్ళూ ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఏడ్చారు. ఇప్పుడు కలిసి ఏడ్చారు.

కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుంది. "పద అమ్మా. అలా తిరిగొద్దాం."

తల్లి కాదనలేదు. ఫోటోగ్రాఫర్ చెయ్యి అందిస్తే పట్టుకుని, మూలుగుతూ సీట్లోకి దిగింది. ఇక అతనికి చోటు లేదు. సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"మేం వచ్చేదాకా ఉంటారా?" అని అడిగిందామె.

"ఉంటానండీ. మీరంటే నాకిష్టం. ఉండమంటే ఎప్పటికీ ఉంటాను." అనేశాక అతని చెవులు ఎర్రబడ్డాయి. చావుకబురు చల్లగా చెప్పినవాడు ప్రేమ కబురు మాత్రం దాచగలడా!

ఆమె తల వంచుకుంది. లోపలినుంచి తల్లి గొంతు వినిపించింది.

"ఏమే, అబ్బాయికి జవాబు చెప్పి బండి తియ్యి. నేను మళ్ళీ లేవలేను."

"ఉండండి," అంది ఆమె, అమ్మకి వినపడేలాగే.