ఎడమవైపు వెనక తలుపు

పందొమ్మిది వందల ఎనభై ఆరు, నవంబరు తొమ్మిది, ఆదివారం. వాన వెలిసి ఆరు రోజులైంది. ఆకాశంలో మబ్బు తునక లేదు, చెట్టు మీద ఆకు కదలడం లేదు. పొద్దున్న కాస్త మంచు పట్టి, తొమ్మిదింటికల్లా విడిపోయింది. ఇవన్నీ నా డైరీలో రాసి ఉన్నాయి. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పిన మేష్టారొకాయన, ఏ పని మొదలుపెట్టినా ముందు తేదీ, ఆనాటి వాతావరణం రాయమనేవారు. ఆయన చెప్పిన శాస్త్రమంతా మర్చిపోయాను కానీ ఈ అలవాటొక్కటి మిగిలింది. కారుకు రంగు వెయ్యడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. గాలిలో తేమ ఉంటే రంగు పాలిపోతుంది, గాలి వీస్తే దుమ్ము అంటుకుంటుంది. ఆ రోజు రెండూ లేవు. తర్వాత జరిగినదానికి వాతావరణాన్ని తప్పుపట్టడానికి లేదు.

కారు మా బావది. ఆయన మా అక్కనూ ఒక్కగానొక్క కూతురినీ వదిలి ఆ మే నెలలోనే పోయాడు. లేత నీలం రంగు బండి, మేనకోడలు పుట్టిన ఏడాది కొన్నాడు. ఆ పిల్లకు దూరంగా ఉద్యోగం వచ్చింది, రోజూ వెళ్ళి రావాలి. కారు దానికిచ్చేద్దామని అక్క అనుకుంది. ఇంజను బాగానే ఉంది కానీ రంగు పెచ్చులూడి, గజ్జి పట్టినట్టుంది. షాపులో ఇవ్వడమెందుకు, నేను వేస్తానన్నాను. నువ్వు ఆ మధ్య మీ గేటుకు రంగు వేస్తే పావురం అతుక్కుపోయింది కదరా అంది అక్క. ఆ పావురం ఆరోగ్యంగా ఎగిరిపోయిన సంగతి మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పదు.

చివరికి ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఒక మాట అంది.

"ఎడమవైపు వెనక తలుపు ఎలా ఉందో అలాగే ఉంచు. రంగు వెయ్యి, అంతే. మార్చకు."

ఆ తలుపుకు బయట హ్యాండిల్ లేదు. అది ఉండాల్సిన చోట పుట్టీ పెట్టి, నున్నగా చేసి, పైన రంగు వేసి ఉంది. ఎందుకలా అని చాలా ఏళ్ళ కిందట బావను అడిగితే, చిన్నపిల్ల కదా, పరుగెత్తే బండిలోంచి పడిపోతుందని అన్నాడు. పిల్ల పడిపోకుండా ఉండాలంటే తియ్యాల్సింది లోపలి హ్యాండిల్. బావ తీసింది బయటిది. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

మా వీధి చివర ఒక ముసలి పెయింటరు ఉండేవాడు. నలభై ఏళ్ళు కార్లకు స్ప్రే గన్ను పట్టాడు కాబట్టి అందరూ తుపాకీ అనేవాళ్ళు. నేను మర్యాదకు తుపాకీగారూ అంటే, అది పేరు కాదండీ బిరుదు అనేవాడు. పని మొత్తం ఆయనే నేర్పాడు. పాత రంగును నీళ్ళు పోస్తూ గరుకు కాగితంతో రుద్దాలి. సొట్టలకు పుట్టీ పెట్టాలి, పైన ప్రైమరు కొట్టాలి. ప్రైమరు మీద నల్ల రంగు పలచగా, పొగ పట్టినట్టు చల్లి మళ్ళీ రుద్దాలి. కంటికి ఆనని సొట్ట ఉంటే అక్కడ నలుపు పోకుండా మిగిలిపోతుంది. ఆఖరి రంగు వేసే రోజున షెడ్డు నేలంతా తడిపితే దుమ్ము లేవదు. అన్నీ ఓపిగ్గా చెప్పాడు కానీ, వచ్చి ఒక చెయ్యి వెయ్యమంటే మాత్రం రానన్నాడు.

"మీ బావగారు ప్రతి నవంబరూ నా దగ్గర ఒక్క తలుపుకు సరిపడా నీలం కలిపించుకునేవారు సార్. గేటుకు గుద్దుకున్నారేమో అనుకునేవాణ్ణి. ఏటా ఎవరైనా ఒకే చోట గుద్దుకుంటారా?"

బావ డ్రైవింగు సంగతి నాకు తెలుసు. గుద్దుకోగలడు అన్నాను. తుపాకీ నవ్వలేదు.

రెండు వారాలపాటు సాయంత్రాలన్నీ రుద్దాను. మిగతా కారంతా మూడు పొరలే రంగు ఉంది. ఎడమవైపు వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి పొరలు తరగలేదు. రుద్దినచోట అంచుల్లో నీలం, బూడిద, నీలం, బూడిద... చెట్టు మొదలు నరికితే కనిపించే వలయాల్లా వచ్చాయి. వేలు పెట్టి లెక్కపెట్టాను. ఇరవై ఒకటి.

పైపొరలో, తలుపు మధ్యలో, ఒక అరచెయ్యి గుర్తు కనిపించింది. రంగు ఆరకముందే ఎవరో చెయ్యి ఆనించినట్టు లోతుగా ఉంది. పని శుభ్రం గురించి ఊరందరికీ క్లాసులు పీకే బావ చేసిన పని ఇదా అని నాలో నేను నవ్వుకున్నాను. దాన్ని రుద్దేశాను. కింది పొరలో ఇంకో అరచెయ్యి. అదే చోట, కొంచెం చిన్నది. దాని కింద ఇంకొకటి, ఇంకాస్త చిన్నది. ఒక్కో పొర దిగేకొద్దీ ఆ చెయ్యి చిన్నదవుతూ వచ్చింది. అట్టడుగున అగ్గిపెట్టె అంత చెయ్యి. ఐదు వేళ్ళూ విడివిడిగా.

నేను చదువుకున్నవాణ్ణి. మేనకోడలు చిన్నప్పుడు తడి రంగు మీద చెయ్యి పెట్టి ఉంటుంది, పిల్లలన్నాక మామూలే అనుకున్నాను. ఏటా, అదే చోట పెట్టిందా అన్న ప్రశ్న వచ్చింది. దాన్ని కూడా రుద్దేశాను.

పని అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. బావ పనిముట్ల పెట్టెలో గరుకు కాగితం కోసం వెతుకుతుంటే అడుగున చిన్న గుడ్డ మూట కనిపించింది. విప్పితే హ్యాండిల్. మెరుపు ఏ మాత్రం తగ్గలేదు. చుట్టిన గుడ్డ పసిపిల్ల చొక్కా, ఒక్కసారీ తొడగనిది, మడతలు మడతలుగానే ఉంది. నాకు గొప్ప సంబరం వేసింది. నాలుగు తలుపులకు మూడు హ్యాండిళ్ళు ఉన్న కారులో ఉద్యోగానికి వెళ్తే ఆఫీసులో పిల్ల నవ్వులపాలవుతుంది కదా. అక్క మాట గుర్తుంది. చూశాక సంతోషిస్తుందిలే అనుకున్నాను. పుట్టీ తొలిచి, బోల్టులు బిగించి, హ్యాండిల్ పెట్టేశాను. నూనె చుక్క వేస్తే మెత్తగా పలికింది. క్లిక్.

ఇక ఆ ఆదివారం. హ్యాండిళ్ళకూ అద్దాలకూ కాగితం అంటించాను. షెడ్డు గోడలకు ప్లాస్టిక్ షీట్లు వేలాడదీశాను. నేలంతా నీళ్ళు చల్లి, తలుపు మూసి, ముక్కుకు గుడ్డ కట్టుకున్నాను. రంగును పలచన చేసే థిన్నరు వాసన బాగా పండిన అరటిపళ్ళలా ఉంటుంది. మొదట కమ్మగా అనిపిస్తుంది, తర్వాత తల దిమ్మెక్కుతుంది. మొదటి కోటు వేశాను, రెండోది వేశాను. కోటుకూ కోటుకూ మధ్య ఇరవై నిమిషాలు బయట కూర్చుని టీ తాగాను. కారు ఎంత బాగా వస్తోందంటే, అద్దంలో చూసుకున్నట్టు దాని చుట్టూ తిరిగాను.

మధ్యాహ్నం మూడున్నరకు మూడో కోటు పూర్తయింది. గన్నుకు గాలి కొట్టే కంప్రెసరు ఆపాను.

నిశ్శబ్దం... చెవుల్లో ఇంకా దాని హోరు.

గన్ను కడుగుతూ అటు చూశాను. ఎడమవైపు వెనక తలుపు మీద రంగులో చిన్న చిన్న గుంటలు పడుతున్నాయి. రంగు కింద జిడ్డు ఉంటే అలాగే అవుతుంది, రంగు అక్కడి నుంచి వెనక్కి జరుగుతుంది. తుపాకీ చెప్పాడు. నాకూ తెలిసిన విషయమే. కానీ ఆ గుంటలు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి. ముందు ఐదు చుక్కలు. తర్వాత ఐదు గీతలు. తర్వాత అరచెయ్యి.

పెద్ద చెయ్యి. ఎదిగిన ఆడపిల్ల చెయ్యి.

దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయాను. నేలంతా తడిగా మెరుస్తోంది. తలుపు ముందు మాత్రం రెండు చోట్ల పొడిగా ఉంది. రెండు పాదాలంత. ఆ మేర నీళ్ళు పక్కకు తొలగినట్టు... వేళ్ళ సందుల్లో మాత్రం సన్నగా తడి.

కదలలేదు నేను.

హ్యాండిల్ మీద అంటించిన కాగితం ముడతలు పడింది. మెల్లగా. పైనుంచి ఎవరో పట్టు బిగించినట్టు.

క్లిక్.

తలుపు ఒక జానెడు తెరుచుకుంది. ఇంకో జానెడు. కారు వెనక భాగం ఎడమవైపుకు కొంచెం కుంగింది, ఎవరో ఎక్కి కూర్చున్నట్టు. నేల మీద పొడి మచ్చల్లోకి నీళ్ళు మళ్ళీ పారాయి. తలుపు మూసుకుంది. విసురుగా కాదు. ఇంట్లో ఎవరో పడుకుని ఉంటే వాళ్ళకు మెలకువ రాకుండా మూస్తామే, అంత మెత్తగా.

తలుపు మీది గుంటలు పూడుకున్నాయి. రంగు దానంతటదే సర్దుకుంది. ఇప్పటికీ చెప్తాను, ఆ కారు మొత్తంలో అంత నున్నగా కుదిరిన భాగం ఇంకొకటి లేదు. అది నా పనితనం కాదు.

ఎలా బయటపడ్డానో గుర్తులేదు. మేనకోడలు ఎదురొచ్చింది. మొహం చూసి, థిన్నరు ఎక్కిందా మామయ్యా అని నవ్వి, నేను ఆపేలోపే షెడ్డులోకి వెళ్ళింది. బాగుంది బాగుంది అంటూ కారు చుట్టూ తిరిగి, ఆ తలుపు దగ్గర ఆగింది.

"దీనికి హ్యాండిల్ ఎప్పుడొచ్చింది?"

చిన్నప్పుడు నువ్వు ఈ తలుపు మీద చేతులు వేసేదానివా అని అడిగాను. నవ్వింది. నాన్న ఏటా కూతురి పుట్టినరోజుకు ముందు రోజు ఈ తలుపుకు రంగు వేసేవాడనీ, ఆ రోజు తనను ఇంట్లో ఉంచేవాళ్ళే కాదనీ చెప్పింది.

"మీ ఇంటికి పంపేసేవాళ్ళు కదా మామయ్యా. ప్రతి నవంబరూ నేను నీ మీద ప్రేమతో వచ్చాననుకున్నావా ఏంటి?"

కారులో మాత్రం తనను ఆ తలుపు పక్కనే కూర్చోబెట్టి, ఇల్లు చేరేవరకు లోపలి గొళ్ళెం నొక్కి పట్టుకోమనేవాడట. గట్టిగా నొక్కమ్మా అనేవాడట. అదో ఆట అనుకునేదట తను. మర్నాడు తనకు ఇరవై రెండు నిండుతాయి.

అక్క వంటింట్లో ఉంది. చెప్పాను. రంగు గురించి, గుర్తు గురించి చెప్తుంటే చేతిలో పని ఆపకుండా వింది. హ్యాండిల్ అనగానే ఆగింది. ఇటు తిరగలేదు. గొంతు బాగా తగ్గించింది.

"తలుపు తెరుచుకుందా?"

"ఆ."

"మళ్ళీ మూసుకుందా?"

"ఆ."

కుళాయి కింద గిన్నె నిండి పొర్లుతోంది. అక్క కుళాయి కట్టలేదు.

"అయితే లోపలే ఉంది," అంది.

ఎవరని అడిగాను. హ్యాండిల్‌కు చుట్టిన చొక్కా జతగా కుట్టానురా, ఒకటే తొడిగాను అంది. ఈ కారు పిల్లకొద్దు, రేపే అమ్మేద్దాం, నేను ఇంకోటి చూస్తానని బతిమాలాను. దానికి ఏమైనా అయితే నేను బతకలేనన్నాను. అక్క చాలాసేపటికి కుళాయి కట్టింది.

"అమ్మితే ఎవరింటికో పోతుందిరా. ఇరవై రెండేళ్ళు బయటే నిలబెట్టాం. ఎంతైనా..."

ఆ మాట పూర్తి చెయ్యలేదు. పిల్లకు చెప్పొద్దని మాత్రం నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు నిలబెట్టుకున్నాను. నా జీవితంలో నేను సిగ్గుపడే పనుల్లో అది మొదటిది.

మేనకోడలు ఆ కారునే నడిపింది. ప్రమాదాలేవీ జరగలేదు. నేను మాత్రం ప్రతి ఫోనుకూ ఉలిక్కిపడుతూ బతికాను. ఒకసారి దానితో కారెక్కాను. వెనక చూపించే అద్దాన్ని రోడ్డు కనబడేలా కాక ఎడమవైపు సీటు కనబడేలా వంచుకుంది. ఎందుకలా అంటే, అలవాటైపోయింది మామయ్యా, అలా ఉంటేనే పొద్దుపోతుంది అంది. దారిలో ఎవరూ ఏమీ అనకుండానే రెండుసార్లు నవ్వింది. మళ్ళీ ఆ కారెక్కలేదు నేను.

అక్క కిందటేడు పోయింది. పదో రోజున ప్లీడరు వీలునామా తెచ్చాడు. అక్క స్వయంగా రాసింది, ఒక్క కొట్టివేత లేదు. ఇల్లు పెద్దదానికి. కారు చిన్నదానికి. తుపాకీ బతికుంటే కంప్రెసరూ స్ప్రే గన్నూ ఆయనకి, లేకపోతే ఆయన కొడుక్కి. తమ్ముడికి ఏమీ లేదు, వాడు పెట్టిన హ్యాండిల్ చాలు.

చిన్నదంటే ఎవరండీ, ఆవిడకు ఒక్కర్తే కదా అని ప్లీడరు నన్నడిగాడు. తెలియదన్నాను. మేనకోడలు కిటికీలోంచి కారు వైపు చూస్తోంది. ముట్టినట్టు సంతకాలకు అడుగున రెండు గీతలు గీసి ఉన్నాయి. మొదటి గీత మీద మేనకోడలు సంతకం పెట్టింది. రెండోది ఖాళీగా వదిలెయ్యమని చెప్పి ప్లీడరు కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

నకలు తీసి ఇవ్వడానికి మర్నాడు పొద్దున్నే ఆయన మా ఇంటికి వచ్చాడు. ఇదెవరు వేశారండీ అంటూ అసలు కాగితం నా ముందు పరిచాడు. రెండో గీత మీద వేలిముద్ర ఉంది. బడికి పోనివాళ్ళు సంతకం బదులు వేసే ముద్ర. లేత నీలం రంగులో ఉంది.

వేలు పెట్టి చూశాను. ఇంకా తడిగా ఉంది.